నేను తీసేసిన కాగితాలు

మస్కట్‌లో నేను కాంక్రీటు కంపెనీలో కంప్యూటర్ పని చేసేవాణ్ణి అంటే మా బంధువులు ఉత్తరాలు టైపు చేసే పని అనుకునేవారు. మొదటి రెండేళ్లు నిజంగానే అదే పని. తొంభైల నడిమికి వచ్చేసరికి ఇంకో పని నెత్తికెత్తుకున్నాను. నాకు మంచి పేరు తెచ్చింది ఆ పనే. ఇన్నేళ్లయినా మనసులో ముల్లులా మిగిలిపోయిందీ అదే.

మా కంపెనీ కాంక్రీటు కలిపి లారీల్లో సైట్లకు పంపేది. లారీ కాంక్రీటు దించేటప్పుడు అందులోంచి కొంచెం తీసి జానెడు కన్నా చిన్న ఇనుప అచ్చుల్లో పోసేవారు. మర్నాడు అచ్చు విప్పితే చదరపు దిమ్మ వస్తుంది. దాన్ని క్యూబ్ అంటారు. ఆ క్యూబులను నీళ్ల తొట్టిలో నానేసి, ఏడో రోజు కొన్నిటిని, ఇరవై ఎనిమిదో రోజు మిగతావాటిని మిషన్‌లో పెట్టి నలగ్గొట్టేవారు. ఎంత ఒత్తిడికి పగిలిందో అదే ఆ కాంక్రీటు బలం. ఇరవై ఎనిమిదో రోజు వచ్చే అంకే అసలు అంకె. కానీ అప్పటికి సైట్లో ఆ కాంక్రీటు మీద ఇంకో అంతస్తు లేచిపోయి ఉండేది. అంకె తక్కువ వచ్చినా చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు.

మా క్వాలిటీ ఇంజనీరు సూడాన్ ఆయన. నెమ్మదస్తుడు. ఒకరోజు అల్ ఖువైర్ ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చి అడిగాడు.

"నువ్వు స్టాటిస్టిక్స్ చదివావు కదా. ఇరవై ఎనిమిదో రోజు ఏం వస్తుందో ఏడో రోజే చెప్పే దారి ఏదైనా ఉందా?"

ఉందన్నాను. ఆ మాట అనడానికి నాకప్పుడు ఒక పుస్తకం ధైర్యం. అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ పిల్లల కోసం పెట్టిన జిరాక్స్ షాపులో, న్యూరల్ నెట్‌వర్కుల మీద ఉన్న పుస్తకంలో నాలుగు అధ్యాయాలు కాపీ తీయించుకుని ఉన్నాను. అందులో చెప్పింది ఇదీ: కంప్యూటర్‌కు సూత్రం ఇవ్వక్కర్లేదు. ఉదాహరణలు ఇస్తే చాలు. సిమెంటు ఎంత, నీళ్లెంత, ఇసుకెంత, ఏడో రోజు బలమెంత అని చెప్పి, ఇరవై ఎనిమిదో రోజు ఎంత వస్తుందో ఊహించమనాలి. అది తప్పు చెబుతుంది. సరైన జవాబు చూపిస్తే, తప్పు ఎంత ఉందో చూసుకుని లోపలి లెక్కల్ని కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. అలా వేలసార్లు. చివరికి ఎప్పుడూ చూడని కాంక్రీటుకు కూడా సరైన జవాబు చెప్పగలగాలి.

మొదటి ప్రోగ్రామ్ రాయడానికి రెండు నెలలు పట్టింది. మా ల్యాబ్ అల్ ఖౌద్ దాటాక మా యార్డ్ వెనక ఒక రేకుల షెడ్డులో ఉండేది. అక్కడి నుంచి రెండేళ్ల కాగితాలు తెచ్చుకుని అంకెలన్నీ నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అక్కడ వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు; బుధవారం సాయంత్రం నడిపించి వెళ్తే శనివారం పొద్దున వచ్చేసరికి ఫలితం తెర మీద ఉండేది. తను చూసిన కాగితాలకు దాదాపు అన్నిటికీ సరైన జవాబే చెప్పింది. పరీక్ష కోసం దానికి చూపించకుండా విడిగా దాచిన కాగితాలు ఇస్తే మాత్రం ఘోరంగా తప్పింది. అది నేర్చుకోలేదు, బట్టీ పట్టింది. స్కూల్లో ఇలాంటి పిల్లల్ని చూశాను కాబట్టి జబ్బు తెలిసింది.

మందు కోసం మూడు నెలలు తిరిగాను. లోపలి లెక్కల గదులు ఇరవై ఉంటే ఆరుకు తగ్గించాను. మరీ ఎక్కువసేపు నేర్పకుండా, దాచిన కాగితాల మీద తప్పులు పెరగడం మొదలవ్వగానే ఆపేశాను. పోత పోసిన రోజు ఎండ ఎంతుందో చేర్చాను. ఒక్కో మార్పుకూ తప్పులు కొంచెం కొంచెం తగ్గాయి. తర్వాత ఎక్కడో ఆగిపోయాయి. ఏం చేసినా కదల్లేదు.

అప్పుడు తప్పులు ఎక్కడెక్కడ వస్తున్నాయో వెతికాను. పైకి పద్ధతిగా కనిపించిన ఆ వెతకడంలోనే నా అసలు తప్పు మొదలైంది. పెద్ద పెద్ద తేడాలన్నీ ఒకే మనిషి కాగితాల్లో ఉన్నాయి. ప్రతి కాగితం కింద క్యూబ్ పగలగొట్టినవాళ్ల సంతకం ఉంటుంది. మిగతావన్నీ ఇంగ్లీషు పొట్టి సంతకాలు. ఈయనది ఒక్క తెలుగు అక్షరం.

ఆయన్ను నాకు తెలుసు. జగిత్యాల వైపు మనిషి. నలభై దాటాయి. వీసా మీద హెల్పర్, చేసేది మాత్రం టెస్టింగ్. క్యూబులు మోసీ మోసీ అరచేతులు సున్నం పట్టినట్టు తెల్లబడి ఉండేవి. నేను ల్యాబ్‌కి కాగితాల కోసం వెళ్లినప్పుడల్లా లేచి నిలబడి "నమస్తే సారూ" అనేవాడు. నేను తల ఊపి లోపలికి వెళ్లేవాణ్ణి. ఒకసారి ఆయన క్యూబ్ నలగ్గొట్టడం చూశాను. క్యూబ్ ఠప్పుమని పగిలింది. డయల్ మీద నల్ల ముల్లు వెనక్కి పడిపోతే, ఎర్ర ముల్లు అది చేరిన చోటే ఆగి ఉండిపోయింది. ఆయన వంగి, ఒక కన్ను మూసుకుని ఆ ఎర్ర ముల్లును చాలాసేపు చూసి అంకె రాసుకున్నాడు.

ఇంత గుర్తుండి కూడా నేను అడిగింది ఆయన్ని కాదు, ల్యాబ్ ఇన్‌ఛార్జిని.

"అతని కాగితాల్లో అంకెలు ఒక పద్ధతిలో లేవు. ఒకటి బాగా తక్కువ, ఒకటి ఎక్కువ. ఎందుకలా?"

ఇన్‌ఛార్జి నవ్వాడు. "వాడికి చదువు లేదు సార్. ముల్లు చదవడం రాదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

ఆ మాట నాకు హాయిగా అనిపించింది. నాకు కావలసింది సరిగ్గా అదే. ఆయన కాగితాలన్నీ తీసేశాను. మధ్యలో కొన్ని కాగితాల్లో అంకె వేయాల్సిన గడిలో "మిషన్ లేదు" అని తెలుగులో రాసి ఉంది. మొదటిసారి ఎక్కించినప్పుడు ఆ ఖాళీల్లో సగటు అంకె నేనే వేసేశాను. పుస్తకంలో అలా చేయవచ్చని ఉంది. ఇప్పుడు అవి కూడా మిగతావాటితో పాటు పోయాయి.

ఆ వారం నెట్‌వర్క్ అద్భుతంగా పనిచేసింది. ఊహించిన అంకెలూ అసలు అంకెలూ గీత మీద పూసల్లా కూర్చున్నాయి. 'పాస్', 'ఫెయిల్' అని విడదీయమంటే ఒక్కటి కూడా తప్పలేదు. ఇంజనీరు ఆ గ్రాఫును రంగుల్లో ప్రింటు తీయించాడు. పనులు ఇచ్చే వాళ్లకు పంపిన రిపోర్టు మీద కింద నా పేరు వేశారు. రిపోర్టులో నేను ఒక వాక్యం రాశాను: నమ్మదగని ఒక టెస్టర్ అంకెలను తొలగించాం అని.

ఆ వాక్యం చదివినవాళ్లు ఊరుకోలేదు. నమ్మదగని టెస్టర్‌ను ల్యాబ్‌లో ఎందుకు ఉంచారని అడిగారు. ఆయన్ని దేశం దక్షిణ కొసన సలాలా దగ్గర రైసూత్‌లో, బ్లాకులు పోసే మా యార్డ్‌కు మార్చారు.

వెళ్లే ముందు కాగితాల మీద సంతకాలకు అల్ ఖువైర్ ఆఫీసుకు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నా కాగితాల్ల తప్పేమున్నదని అంటున్నరు?"

"తప్పని కాదు. కంప్యూటర్‌లో తేడా వస్తోంది. మిగతావాళ్ల అంకెలతో మీవి కలవడం లేదు."

"కంప్యూటర్ నా ముల్లు సూసిందా సారూ?"

నేను ఏదో చెప్పాను. వేల అంకెలు చూస్తుంది, మనిషికి కనపడనిది దానికి కనపడుతుంది అన్నాననుకుంటాను. ఆయన "ముల్లు ఏడ ఆగితే గదే రాసిన సారూ," అని వెళ్లిపోయాడు. నేను మళ్లీ తెర వైపు తిరిగాను.

తర్వాతి వేసవిలో ఒక పెద్ద పని మొదలైంది. ఆ పని ఇచ్చినవాళ్లు మా ల్యాబ్‌ను మాత్రమే నమ్ముకోకుండా సగం క్యూబులు తమ సొంత ల్యాబ్‌లో నలగ్గొట్టించారు. వాళ్ల అంకెలు ఫాక్సులో వచ్చాయి. నా నెట్‌వర్క్ చెప్పినవాటి కన్నా తక్కువ. ఒక్కొక్కటి చాలా తక్కువ. నెట్‌వర్క్ 'పాస్' అన్నవాటిలో కొన్ని ఫెయిల్.

ఇంజనీరు ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టాడు. కోపంగా లేడు. "ఎందుకో కనుక్కో," అన్నాడు.

మొదట ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. లేదు. తర్వాత పాత కాగితాలు మళ్లీ తీశాను. ఈసారి కంప్యూటర్‌లోని అంకెలు కాదు, కాగితాలే. ఏడో రోజు అంకెను ఇరవై ఎనిమిదో రోజు అంకె పక్కన పెట్టి కాలిక్యులేటర్‌తో భాగించుకుంటూ పోయాను. ఇంగ్లీషు సంతకాలున్న కాగితాల్లో ప్రతిసారీ దాదాపు అదే జవాబు. ఎండాకాలమైనా, చలికాలమైనా, ఏ సైటైనా అదే. కాంక్రీటు అలా ఉండదు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో చిక్కుకున్న లారీలో నీళ్లు కలిపిన కాంక్రీటు, పొద్దున్నే పోసిన కాంక్రీటు ఒకే దామాషాలో ఎలా గట్టిపడతాయి?

స్టోర్ ఫైల్లో గేట్ పాస్ కూడా దొరికింది. నలగ్గొట్టే మిషన్‌ను రిపేరుకు బయటికి పంపి తొమ్మిది రోజుల తర్వాత వెనక్కి తెచ్చారు. ఆ తొమ్మిది రోజుల తేదీలతోనూ కాగితాలున్నాయి. అన్నిటిలో అంకెలున్నాయి. మిషన్ లేని రోజుల్లో క్యూబులు నలిగాయి! "మిషన్ లేదు" అని రాసి గడి ఖాళీగా వదిలింది ఒక్క ఆయనే.

అప్పుడు అర్థమైంది. మిషన్ ఉన్న రోజుల్లో ఏడో రోజు క్యూబులు నిజంగానే నలగ్గొట్టేవారు, ఎందుకంటే సైటు వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. ఇరవై ఎనిమిదో రోజువి చాలావరకు ఏడో రోజు అంకెను పెంచి రాసేశారు. నా నెట్‌వర్క్ నేర్చుకున్నది కాంక్రీటు గుణం కాదు, ల్యాబ్ వాళ్ల చేతివాటం. ఆ చేతివాటానికి అడ్డం వచ్చిన ఒక్క నిజాన్ని నేనే ఏరి పారేశాను. దానికి పనితీరు మెరుగుపరచడం అని పేరు పెట్టాను.

ఇంట్లో చెప్పాను. నా భార్య ఒక స్కూల్లో లెక్కల టీచరు. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆయన్ని ఒక్కసారైనా అడిగారా, ఎందుకిలా వస్తోందని?"

"లేదు."

"ఇన్‌ఛార్జిని ఎందుకు అడిగారు మరి?"

జవాబు నాకు తెలుసు. ఇన్‌ఛార్జి ప్యాంటు వేసుకుని ఇంగ్లీషు మాట్లాడతాడు. నాలాంటివాడు.

మర్నాడు ఇంజనీరుకు గేట్ పాసూ, కాగితాలూ పక్కపక్కన పరిచి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"రెండో మిషన్ కావాలని ల్యాబ్ వాళ్లు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ నేనే తర్వాత చూద్దాం అన్నాను," అన్నాడు.

ఇన్‌ఛార్జిని పిలిచారు. మొదట కాదన్నాడు. గేట్ పాస్ చూశాక కూలబడ్డాడు. "రోజుకు అన్ని క్యూబులు, ఒక్క మిషన్. తొట్లు నిండిపోయేవి. ఎప్పుడూ పాసే అవుతున్నాయి కదా అని రాశాను," అన్నాడు. ఏడ్చాడు కూడా. అతని మీద నాకు కోపం రావాలి. రాలేదు. నేను ఖాళీ గడుల్లో సగటు అంకెలు వేసినప్పుడు చేసింది కూడా దాదాపు అదే కదా అనిపించింది.

అనుమానం ఉన్న చోట్ల కట్టేసిన కాంక్రీటులోంచి గొట్టాల్లా ముక్కలు కోసి పరీక్ష చేయించారు. చాలావరకు బాగానే ఉంది. ఒక భవనంలో కింది అంతస్తు స్తంభాలు కొన్ని బలహీనంగా తేలాయి. వాటి చుట్టూ కొత్త ఇనుము కట్టి మళ్లీ పోత పోశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ స్తంభాలు ఏ నెలలో పోసినవో చూస్తే, ఆ రోజుల్లో తక్కువ అంకెలు రాసినవి ఆ జగిత్యాల ఆయన కాగితాలే. ఇన్‌ఛార్జిని ఇంటికి పంపేశారు.

రైసూత్‌లో ఉన్న ఆయనకు ఫోన్ చేద్దామనుకున్నాను. నా భార్య ఒప్పుకోలేదు. "ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, వెళ్లండి," అంది. ఆయన్ని మళ్లీ ల్యాబ్‌కు, ఈసారి హెల్పర్‌గా కాక టెస్టర్‌గానే రమ్మని పిలవడానికి ఇంజనీరు ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున మస్కట్‌లోని రువీలో బస్సెక్కాను. రోజంతా ఎడారి. సాయంత్రానికి కొండలు దిగుతుంటే మంచు తెరలు, పచ్చగడ్డి, సన్నటి తుంపర. మస్కట్ మండిపోయే నెలల్లో సలాలాలో వాన పడుతుంది.

శుక్రవారం పొద్దున పనివాళ్లుండే క్యాంపులో ఆయన రూమ్ వెతుక్కుంటూ వెళ్లాను. మంచం మీద కూర్చుని పప్పులో రాళ్లు ఏరుకుంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు గానీ కంగారుపడలేదు.

"కూసోండ్రి సారూ. గింత దూరం ఏం పని మీద?"

చెప్పాను. తడబడుతూ అంతా చెప్పాను, గేట్ పాస్‌తో సహా. తప్పు మీది కాదు, నాది అన్నాను. ఆయన పప్పు పళ్లెం పక్కన పెట్టి, స్టవ్ వెలిగించి చాయ్ నీళ్లు పెట్టాడు. వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"వాళ్లు రాస్తున్నరని నాకెర్కే సారూ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవలికి చెప్పాలె? మీరు పదిసార్లు వచ్చిండ్రు ల్యాబుకు. కాగితాలు తీసుకున్నరు, పోయిండ్రు. ఒక్కపారి కూసోని, ఏమయ్యా, గిదేంది గింత తక్కువ రాసినవ్ అని అడిగితే చెప్పకపోదునా? తక్కువ వచ్చిన క్యూబులు ఏ లారీవో, ఎన్ని గంటలకు వచ్చిందో నాకు నోటికి వచ్చు."

ఏ లారీ, ఎన్ని గంటలకు! మూడు నెలలు నేను వెతికిన విషయం అదే. సైటుకు చేరడానికి లారీకి ఎంతసేపు పట్టిందన్న అంకె నా నెట్‌వర్క్‌లో అసలు లేదు.

టెస్టర్‌గా వెనక్కి రమ్మంటున్నారని చెప్పాను. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి కాసేపు బయట తుంపర చూశాడు.

"ఈడ గూడ దీన్ని ఖరీఫే అంటరు సారూ. గని నాట్లు వేసేటోళ్లు లేరు," అన్నాడు. తర్వాత, "నేను రాను. రేపు మళ్ల అంకె తక్కువ వస్తే మీరు ఎవల మాట నమ్ముతరు? ఈడ బ్లాకులు పోస్త. పలిగిన బ్లాకు పక్కకు వెట్టు అంటడు ఫోర్‌మన్. పెడ్త. గంతే పని. మంచిగున్న."

"ఇంకేమైనా చేయగలనా?"

"ఒక కాగితం కావాలె. నా ఫైల్ల నేను పనికిరాననే ఉన్నదట గదా. నా తప్పు లేదని ఇంగ్లీషుల రాసి, కంపెనీ స్టాంపు వేసి ఇప్పియ్యుండ్రి. ఇంకో కంపెనీకి పోయినా అడుగుతరు."

తప్పకుండా ఇప్పిస్తానన్నాను.

మస్కట్ తిరిగి వచ్చాక నెట్‌వర్క్‌ను మొదటి నుంచి కట్టాను. ఆయన కాగితాలూ, బయటి ల్యాబ్ అంకెలూ, కొత్తగా నిజంగా నలగ్గొట్టిన క్యూబులూ. లారీ ప్రయాణ సమయం చేర్చాను. కాగితాలు చాలా తగ్గాయి కాబట్టి వాటిని ఐదు కట్టలు చేసి, ప్రతిసారీ నాలుగింటితో నేర్పి ఐదోదానితో పరీక్షించాను. ఫలితం పాత గ్రాఫంత అందంగా లేదు. పూసల్లా కూర్చోలేదు, చెల్లాచెదురుగా పడ్డాయి. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకునే గ్రాఫు అది. ఫెయిలయ్యే వాటిని మాత్రం ఎక్కువగా ముందే పట్టుకుంది. ఇంజనీరు దాన్ని రంగుల్లో ప్రింటు తీయించలేదు. నేను ఉన్నంతకాలం వాడాడు.

కాగితం విషయం అంత సులువుగా తేలలేదు. నేను రాసిన డ్రాఫ్టులో ఆయన పరీక్షలన్నీ సరైనవని, కంపెనీ పొరబడిందని ఉంది. ఇంజనీరు సంతకం పెట్టాడు. ఆఫీసులో పైవాళ్లు ఆపారు. కంపెనీ పొరబడిందని స్టాంపు వేసి ఎలా ఇస్తామన్నారు. నేను రెండుసార్లు వాదించాను. మూడోసారి వాదించలేదు. చివరికి మూడు వరుసల కాగితం బయటికి వచ్చింది. దాన్ని నా చేతులతోనే కవర్లో పెట్టి రైసూత్ పంపాను.

పది రోజులకు ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

"కాగితం ముట్టింది సారూ. ఏం రాసిండ్రో తెలుగుల చదివి చెప్పుండ్రి."

కాపీ నా ముందే ఉంది. ఏదైనా చేర్చి చెప్పొచ్చు, ఆయనకు తెలియదు. ఒక క్షణం ఆ ఆలోచన వచ్చింది కూడా. ఉన్నదున్నట్టు చదివాను.

"ఈయన మా ల్యాబ్‌లో నాలుగేళ్లు పనిచేశారు. పరిపాలనా కారణాల వల్ల వేరే యార్డ్‌కు మార్చాం. ఈయన నడవడిక బాగుంది."

వెనకాల ఎవరో ఫోన్ కోసం తొందరపెడుతున్నారు.

"గంతేనా సారూ?"

"అంతే."

"నా అంకెలు మంచియని లేదా?"

"లేదు. నేను రాశాను. తీసేశారు."

"మంచిది సారూ," అని పెట్టేశాడు.

ఆ చలికాలంలో ఆయన వీసా అయిపోయి ఇంటికి వెళ్లిపోయాడని రైసూత్ యార్డ్ వాళ్లు చెప్పారు. మళ్లీ రాలేదు. నేను ఇంకో మూడేళ్లు అక్కడే పనిచేశాను. ఆ నెట్‌వర్క్ గురించి చెప్పమని ఒకటి రెండు చోట్లకు పిలిచారు కూడా. ఎలా మెరుగుపరిచారని అడిగితే గదుల లెక్కా, ఐదు కట్టల లెక్కా చెప్పేవాణ్ణి. లారీ ప్రయాణ సమయం చేర్చాలని మీకెలా తోచిందని ఒకాయన అడిగాడు. ల్యాబ్‌లో పనిచేసే ఒకాయన చెప్పాడన్నాను. అడిగినాయన తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.